ఓబో రీడ్లు సొంతంగా కట్టుకోవడం: విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎవరైనా ఉన్నారా?

కంటోన్మెంట్_కల్యాణి

అందరికీ నమస్కారం. నేనుండేది విజయనగరం కంటోన్మెంట్‌లో. చెన్నైలో చదువుకునే రోజుల్లో ఓబో నేర్చుకున్నాను. ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాక కూడా వదల్లేదు. వాయిద్యంతో ఇబ్బంది లేదు, రీడ్ల దగ్గరే (నోట్లో పెట్టుకుని ఊదే రెండు రేకుల ముక్క) ప్రాణం విసిగిపోతోంది. బయటి దేశం నుంచి తెప్పించుకుంటే ఒక్కొక్కటి రెండు వేలకు తక్కువ పడట్లేదు. అంత పెట్టినా, ఇంకెవరి నోటికో కుదిరేలా గీకిన రీడు నాకు కుదరదు. రోజూ వాయిస్తే కొన్ని వారాలకే చచ్చుబడిపోతుంది.

అందుకే నేనే కట్టుకోవడం మొదలుపెట్టాను. లోపలి వైపు చెక్కి, ఆకారం కోసి అమ్మే కేన్ (రీడు చేసే గడ్డి గొట్టం ముక్క) తెప్పించాను. 47 మి.మీ. స్టేపుళ్లు (కేన్‌ని కట్టే చిన్న లోహపు గొట్టాలు), మాండ్రెల్ (స్టేపుల్‌లోకి దూర్చి రీడుని పట్టుకునే పిడి), ప్లాక్ (గీకేటప్పుడు రేకుల మధ్య పెట్టే పల్చటి పలక), ఒక రీడు కత్తి ఉన్నాయి. నేర్పేవాళ్లు మాత్రం దగ్గర్లో లేరు. రెండు చోట్ల ఆగిపోతున్నాను. కొన్ని రీడ్లు పక్కల నుంచి గాలి వదులుతున్నాయి. గాలి వదలనివాటిని గీకుతుంటే కొస దగ్గర పీచులు లేస్తున్నాయి. నున్నగా పొడి రాలాల్సింది పోయి ముక్కలు ముక్కలుగా ఊడివస్తోంది. కేన్ మంచిది కాదేమో, దారం తేడానేమో తెలియడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి_మెట్లు

ఓబో అంటే ఏంటండీ? సన్నాయి లాంటిదేనా?

రాజాం_సన్నాయి

ఆ జాతిదే. రెండు రేకులు ఒకదానికొకటి కొట్టుకుంటే నాదం పుడుతుంది. మన సన్నాయి రీడుని పీక అంటాం, అది వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది. వాళ్ల రీడు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మనం వాయిస్తుంటే పెదాలతో, ఊపిరితో శ్రుతి సర్దుకుంటూ పోతాం. వాళ్లకు అంత వీలు లేదు. కచేరీ మొదలయ్యే ముందు ఆర్కెస్ట్రా మొత్తం ఓబో ఇచ్చే స్వరానికే శ్రుతి చేసుకుంటుంది. కాబట్టి ఆ అమ్మాయికి రీడు మీద అంత బెంగ ఉండటం న్యాయమే.

పాతబ్యాండు

కల్యాణీ, నేను నేవీ బ్యాండులో చేసి రిటైరయ్యాను, ఉండేది భోగాపురం. ముందు గాలి పోయే సంగతి చూద్దాం. గాలి పోయే రీడుని ఎంత గీకినా లాభం లేదు, గీకే ముందే దాన్ని తేల్చేయాలి. స్టేపుల్ అడుగు రంధ్రాన్ని వేలితో మూసి, రీడుని నీళ్లలో ముంచి, కొస వైపు నుంచి ఊదండి. పక్కన బుడగలు వస్తే అక్కడే దారి ఉన్నట్టు.

కారణం సాధారణంగా కట్టు దగ్గరే ఉంటుంది. దారం చుట్టుకుంటూ పైకి వెళ్తున్నప్పుడు, స్టేపుల్ పై అంచు ఇంకా ఒకటి రెండు చుట్లు ఉందనగా రెండు పక్కలా కేన్ మూసుకోవాలి. అంతకన్నా ముందే మూసుకుంటే కేన్ వెడల్పు ఎక్కువైందని. అంచు దాకా వచ్చినా మూసుకోకపోతే, స్టేపుల్ మీద కేన్‌ని ఇంకొంచెం కిందికి జరిపి కట్టాలి. ఏం చేసినా దారం మాత్రం స్టేపుల్ అంచు దాటి పైకి పోకూడదు. దాటితే దారం వట్టి కేన్‌ని నొక్కేస్తుంది, రేకులకు ఊపిరాడదు. అలాంటి రీడు జన్మలో పలకదు. అందుకే మడతకు ముందే స్టేపుల్ పొడవు కేన్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. 47 స్టేపుల్ అయితే అడుగు నుంచి మడత దాకా 72 మి.మీ. దగ్గర కట్టండి. గీకి, కొస కోశాక 70 దగ్గరికి వస్తుంది.

కట్టే ముందు కేన్‌ని గోరువెచ్చని నీళ్లలో అరగంట నాననివ్వండి. సరిగా నానని కేన్ మడత దగ్గరో, దారం కింద పక్కన్నో చిట్లుతుంది. ఆ చిట్లిక కంటికి కనపడదు, గాలికి మాత్రం తెలుస్తుంది.

కంటోన్మెంట్_కల్యాణి

బుడగల పరీక్ష చేశాను మాస్టారూ. అన్నీ ఒకే వైపు వస్తున్నాయి, ఎడమ పక్క, దారానికి కొంచెం పైన.

పాతబ్యాండు

ఒకే వైపు అంటే కట్టేటప్పుడు మీ చేయి దారాన్ని ఒక పక్కకు ఎక్కువ లాగుతోంది. రేకులు ఎదురెదురుగా సరిగ్గా కూర్చోకుండా పక్కకు జారాయి. కొంచెం జారితే మంచిదే. చాలామంది కావాలనే పై రేకుని వెంట్రుకవాసి పక్కకు జరుపుతారు, అప్పుడు అంచులు ఒకదాని మీద ఒకటి కూర్చుని గట్టిగా మూసుకుంటాయి. కానీ రెండు పక్కలా ఆ జరుగుడు ఒక దిక్కుకే ఉండాలి. చేతిలో ఉన్న రీడ్లను పారేయకండి. దారం పైన, కారుతున్న చోట పల్చటి టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుడితే ఆగుతుంది. కుళాయి పని చేసేవాళ్ల దగ్గర దొరికే తెల్ల టేపే.

పొందూరు_నూలు

అడగొచ్చో లేదో. దారం దేనిది వాడతారు? వాలుగ చేప దవడతో దూది ఏకే ఊరు మాది. మా దగ్గర వచ్చే సన్న నూలు ఎక్కడా రాదు. నాలుగు పేటలు కలిపి పేనితే గట్టిగానే ఉంటుంది. పంపమంటే పంపుతాను.

పాతబ్యాండు

మీ అభిమానానికి సంతోషం. కానీ రీడు కట్టుకి నూలు సరిపడదు. ఇది రోజూ తడిసి ఆరే వస్తువు. నూలు తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే సడలుతుంది, ఏ రోజు ఏ బిగువులో ఉంటుందో చెప్పలేం. ఎఫ్‌ఎఫ్ అనే మందం నైలాన్ దారం వాడతాం. దాన్ని కిటికీ చువ్వకి కట్టి, తేనె మైనం పట్టించి, ఒళ్లు వెనక్కి వాల్చి లాగుతూ చుట్టాలి. చివరి ముడి మీద గోళ్ల రంగు ఒక చుక్క వేస్తే ఊడదు.

బొబ్బిలి_మెట్లు

మైనం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా గొల్లపల్లిలో వీణకు మెట్లు కూర్చేది తేనె మైనంతోనే. దాంట్లో బొగ్గుపొడి కలుపుతాం, మీకు ఆ నల్లది పనికిరాదు. కలపక ముందుది పచ్చగా, ముద్దగా ఉంటుంది. కావాలంటే ఒక ఉండ ఇస్తాను. బొబ్బిలి బస్టాండుకి ఎవరినైనా పంపండి.

కంటోన్మెంట్_కల్యాణి

తప్పకుండా పంపుతానండీ, చాలా థ్యాంక్స్. కట్టు సంగతి ఒక దారికొచ్చింది. కొత్తగా కట్టినది బుడగలు రాకుండా నిలిచింది. ఇంక గీకుడు. నా రీడు ఎలా ఉందో రాస్తాను: పై మెరుగు పోయిన చోట కేన్ పసుపు పచ్చగా ఉంది, దాని మీద పొడుగ్గా గీతలు పడ్డాయి. కొస నుంచి మూడు నాలుగు మి.మీ. కింద చిన్న గుంట పడింది. దీపం ముందు పట్టి చూస్తే ఆ గుంట దగ్గర వెలుతురు మచ్చలా కనిపిస్తోంది. ఒక మూల పీచు లేచి అంచు రంపంలా అయింది.

రాజాం_సన్నాయి

అమ్మా, మాది నాయీబ్రాహ్మణ కుటుంబం. మా ఇంట్లో సన్నాయికి ఎంత వయసో మంగలికత్తికీ అంతే. ఓబోని నేను ముట్టుకోలేదు, కానీ మీరు రాసింది చదివితే రోగం కేన్‌ది కాదు, దారానిది కాదు, చేతిది అసలే కాదు. కత్తిది. మొద్దు కత్తి కోయదు, నొక్కి పీకుతుంది. పీచు అందుకే లేస్తోంది. కోయడం లేదని మీరు ఇంకా ఒత్తుతారు, ఒత్తితే గుంట పడుతుంది.

కత్తి పదును చూసే పద్ధతి చెబుతాను. బొటనవేలి గోరు మీద కత్తి అంచుని బరువు వేయకుండా ఏటవాలుగా ఆనించండి. జారిపోతే మొద్దు. గోటిని పట్టుకుని ఆగితే పదును. ఇంకోటి, అంచుని మీ వైపు తిప్పి దీపం కింద చూడండి. మెరిసే గీత కనిపించిన చోటల్లా అంచు చచ్చిపోయినట్టు. పదునైన అంచు మెరవదు, అసలు కనపడదు.

సానపట్టేటప్పుడు రాయి చదునుగా ఉండాలి. మధ్యలో పల్లం పడిన రాయి మీద ఎన్ని గంటలు రుద్దినా అంచు వంకరే వస్తుంది. నూనెరాయి అయితే రెండు చుక్కల నూనె. కత్తి వెన్ను కొద్దిగా లేపి, ఆ ఎత్తు మార్చకుండా పిడి నుంచి మొన దాకా మొత్తం ఒకే ఊపులో తీయాలి. ఎత్తు నిలవడం లేదనుకుంటే అంచు పక్కన నల్ల స్కెచ్ పెన్నుతో రంగు పూసి రాయి మీద ఒక్కసారి లాగండి. రంగు ఎక్కడ పోయిందో అక్కడే రాయి తగులుతోంది. అంచు దాకా పోవాలి. తర్వాత తోలు పట్టా మీద వెనక్కి లాగుతూ ఇటూ అటూ.

పాతబ్యాండు

పట్టా దగ్గర కొంచెం ఆగాలి. మీరు చెప్పినవన్నీ నూటికి నూరుపాళ్లు నిజం, కానీ గడ్డం గీసే కత్తికీ రీడు కత్తికీ ఒక తేడా ఉంది. సానపట్టాక అంచున ఒక పక్కకి సన్నటి గరుకు లేస్తుంది కదా, వేలితో అడ్డంగా తడిమితే తగులుతుంది. గడ్డానికి అది ఉంటే రక్తం వస్తుంది, అందుకే పట్టా మీద తీసేస్తారు. రీడుకి ఆ గరుకే కావాలి. మనం కేన్‌ని కోయట్లేదు, కత్తి నిలువుగా పట్టుకుని గీకుతున్నాం. ఆ గరుకు అంచే కేన్ మీది పొడిని పలచగా లేపుతుంది. ఎటు గీకుతామో గరుకు అటు తిరిగి ఉండాలి.

రాజాం_సన్నాయి

మాస్టారూ, గరుకు వదిలేస్తే అది ఊడి అంచు పళ్లు పళ్లుగా అవుతుంది. అప్పుడు మళ్లీ పీచు లేస్తుంది. నా అనుభవంలో పట్టా లేకుండా పదును నిలవదు.

వంశధార_ఫిలడెల్ఫియా

ఇద్దరూ చెప్పింది నిజమే, వరస మారిందంతే. మాది ఆమదాలవలస, ఇక్కడ ఒక కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో ఓబో వాయిస్తాను. నేను చేసేది ఇది: రాయి మీద రెండు వైపులా సానపట్టి, మీరన్నట్టు ముతక గరుకుని పట్టా మీద మొత్తం తీసేస్తాను. అప్పుడు అంచు నున్నగా అవుతుంది. ఆ తర్వాత నున్నటి రాయి మీద ఒకే పక్క, అస్సలు బరువు వేయకుండా, రెండు మూడు ఊపులు. కొత్తగా సన్నటి, ఒకే తీరైన గరుకు లేస్తుంది. ముతక గరుకు ఊడిపోయి పళ్లు పడతాయి, ఈ సన్నది నిలుస్తుంది. ఒక రీడు గీకేలోపు మధ్యలో మళ్లీ ఒకసారి రాయికి తగిలించాల్సి వస్తుంది. దానికి బద్ధకించకూడదు.

కల్యాణి గారూ, మీరు ఏ పద్ధతిలో గీకుతున్నారు? పొట్టి గీకుడా, పొడుగు గీకుడా? యూరప్‌లో ఎక్కువ మంది కొస నుంచి పది పన్నెండు మి.మీ. వరకే గీకుతారు, కింద పెచ్చు (కేన్ పై మెరుగు పొర) అలాగే ఉంటుంది. అమెరికాలో దాదాపు దారం దగ్గరి దాకా వెళ్తారు. దానికి మూలపురుషుడు మార్సెల్ టాబుటో. ఫ్రాన్స్ నుంచి వచ్చి 1915 నుంచి 1954 వరకు ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో మొదటి ఓబో వాయించాడు, ఇక్కడి కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పాడు. అమెరికాలో ఈ రోజు ఓబో వాయించేవాళ్లలో ఎక్కువమంది గురుపరంపర వెనక్కి పోతే ఆయన దగ్గరికే చేరుతుంది.

కంటోన్మెంట్_కల్యాణి

పొడుగు గీకుడేనండీ. చెన్నైలో మా సార్ అదే నేర్పారు.

వంశధార_ఫిలడెల్ఫియా

అయితే భాగాలు గుర్తుపెట్టుకోండి. పై నుంచి నాలుగు మి.మీ. కొస. దాని కింద మూడు నాలుగు మి.మీ. హార్ట్. ఆ కింద వెన్ను మధ్యలో నిలబడి, దానికి రెండు పక్కలా రెండు కిటికీలు. పక్క అంచుల్లో పెచ్చు కొద్దిగా ఉండనివ్వాలి, అదే రీడుని నిలబెట్టే ఎముక.

ఒక్కో భాగానికి ఒక్కో పని. కొస పలుకుతుంది, అంటే స్వరం ఎంత తేలిగ్గా మొదలవుతుందో దాని చేతిలో ఉంది. హార్ట్ శ్రుతిని పట్టి ఉంచుతుంది, పై స్వరాలు కిందికి జారకుండా కాస్తుంది. కిటికీలు కంపనాన్ని, కింది స్వరాల బరువుని ఇస్తాయి. కొస చివర మిల్లీమీటరులో పదో వంతుకన్నా పల్చగా, ఉల్లిపొరలా ఉండాలి. మూలలు మధ్యకన్నా ఇంకా పల్చన. మీకు గుంట పడింది సరిగ్గా కొస, హార్ట్ కలిసే చోట. అక్కడ గుంట పడితే ఆ రీడు స్వరాన్ని పట్టుకోలేదు. దాన్ని సాధనకి ఉంచుకోండి, గీకడం నేర్చుకోవడానికి పనికొస్తుంది.

చేయి ఇలా పెట్టండి. ప్లాక్ రెండు రేకుల మధ్య ఉండాలి, రీడు తడిగా ఉండాలి. మాండ్రెల్ పట్టుకున్న ఎడమ చేతి బొటనవేలు కత్తి వెన్నుకి ఆనుకోవాలి. కత్తి కదిలేది ఆ వేలి మీదే, మణికట్టు తిరుగుడుతో. మోచేయి కదిలిందంటే బరువు పడుతున్నట్టు. మూలల దగ్గర మధ్య నుంచి బయటికి ఏటవాలుగా.

నాగావళి_గట్టు

మధ్యలో అడ్డం వస్తున్నానేమో, ఇంటర్ చదువుతున్నాను. మా శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున కిక్కిస బోలెడు పెరుగుతుంది. దాన్ని కోసి ఎండబెట్టి రీడ్లు చేయలేమా? విదేశాల నుంచి తెప్పించడం ఎందుకు?

వంశధార_ఫిలడెల్ఫియా

మంచి ప్రశ్న తమ్ముడూ. ఓబోకి వాడేది అరుండో డోనాక్స్ అనే జాతి గడ్డి. దక్షిణ ఫ్రాన్స్‌లో వార్ ప్రాంతంలో పండినదానికి పేరు. గొట్టం వ్యాసం 10, 11 మి.మీ. మధ్యే ఉండాలి. లావైతే రేకు వంపు తక్కువై రీడు నోరు (కొస దగ్గర రేకుల మధ్య సందు) మూసుకుపోతుంది, సన్నమైతే నోరు మరీ తెరుచుకుంటుంది. కోసి, ఎండబెట్టి, ఏళ్ల తరబడి ఆరనిచ్చి, మూడుగా చీల్చి, లోపలి మెత్తటి భాగాన్ని చెక్కేసి మధ్యలో 0.6 మి.మీ. దాకా తెస్తారు. నది ఒడ్డున కిక్కిస అని పిలిచేవాటిలో గోడ పల్చగా ఉండే రకాలే ఎక్కువ. వాటిని అంత చెక్కితే మిగిలేది ఏమీ ఉండదు. అయినా నువ్వు ఒక గొట్టం కోసి, స్కేలుతో వ్యాసం, గోడ మందం కొలిచి ఇక్కడ పెట్టు, చూద్దాం.

రాజాం_సన్నాయి

మా పీకలు కూడా తంజావూరు వైపు నుంచే వస్తాయి బాబూ. ఏ గడ్డి పడితే అది పలకదు. కోసుకొచ్చిన గొట్టాన్ని గోటితో కొట్టి చూడు. గలగలమంటే గట్టిదనం ఉంది. డబడబమంటే పశువులకి వేసెయ్యి.

కంటోన్మెంట్_కల్యాణి

కత్తి ముందు పట్టా, తర్వాత నున్నటి రాయి పద్ధతిలో చేశాను. ఏం తేడా! నిన్నటిదాకా ముక్కలు ఊడిన చోట ఈ రోజు ముగ్గుపిండి కన్నా సన్నటి పొడి రాలింది. చేతికి బరువే తెలియలేదు. కొస మీద ఒక్క పీచు లేవలేదు. ఇదివరకటి కేనే, అదే ప్యాకెట్‌లోది.

ఇప్పుడు క్రో (రీడుని ఒక్కదాన్నే ఊదితే వచ్చే కూత) బి స్వరం దగ్గర వస్తోంది, అందులో ఇంకేదో స్వరం కలిసి గరగరమంటోంది. ఏం చేయాలి?

పాతబ్యాండు

రీడుని దారం దాకా నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించకుండా ఊదే కదా చూశారు? సి రావాలి, ఆ సి కూడా కిందిదీ పైదీ రెండూ కలిసి. బి వచ్చిందంటే తక్కువలో ఉంది. దిమ్మ మీద పెట్టి కొస నుంచి వెంట్రుకవాసి కోయండి, వెంటనే ఊదండి. మళ్లీ కోయండి, మళ్లీ ఊదండి. ఒకేసారి ఎక్కువ కోశారా, ఇక వెనక్కి రాదు. సి కి వచ్చాక ఆగి, రేపటిదాకా ఎండనివ్వండి. కేన్ తడిసి ఆరిన కొద్దీ మారుతుంది. ఇవాళ కుదిరినది రేపు కుదరకపోవచ్చు, అందుకే ఒకే రోజు రీడు పూర్తి చేయాలని కూర్చోవద్దు.

వంశధార_ఫిలడెల్ఫియా

ఆ గరగర సంగతి: రెండు పక్కలా కిటికీలు సమానంగా లేకపోయినా అలా వస్తుంది. కోసే ముందు ప్లాక్ తీసి, దీపానికి అడ్డంగా పట్టి కుడి ఎడమలు పోల్చండి. రెండో రేకు తిప్పి అది కూడా. నలుగురు అన్నదమ్ములకీ ఒకే వాటా రావాలి.

పొందూరు_నూలు

వానాకాలం వస్తోంది. మా నూలే బూజు పడుతుంది. ఈ రీడ్లు ఆగుతాయా?

పాతబ్యాండు

మంచి మాట గుర్తుచేశారు. మన తీరంలో జూన్ నుంచి తుపాన్ల నెల దాటేదాకా గాలిలో తేమ ఎక్కువ. రీడు నోరు తెరుచుకుని బరువెక్కుతుంది. ఊదడం కష్టమైపోతుంది. అదే రీడు పట్టుకుని విశాఖపట్నంలో ఏసీ హాల్లోకి వెళ్తే గంటలో నోరు మూసుకుంటుంది. కాబట్టి ఇంట్లో బాగున్నదాన్ని నమ్ముకుని ఒక్కటే పట్టుకెళ్లకూడదు. కొంచెం గట్టిది ఒకటి, తేలికది ఒకటి వెంట ఉండాలి. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టొద్దు, నల్ల మచ్చలు వస్తాయి. చిల్లులున్న పెట్టెలో, కొస దేనికీ తగలకుండా నిలబెట్టి ఉంచాలి. వాయించాక నోటి తడి తుడిచి పెట్టండి. మచ్చలు మొదలైతే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కాసేపు ఉంచి, మంచినీళ్లతో బాగా కడగండి.

నాగావళి_గట్టు

కొలిచాను. బయటి వ్యాసం 9 మి.మీ., గోడ 1 మి.మీ. కూడా లేదు. గోటితో కొడితే డబడబే.

వంశధార_ఫిలడెల్ఫియా

శభాష్. అయితే ఓబోకి పనికిరాదు. కొలిచి తెలుసుకున్నావు, అది ముఖ్యం. ఏటి పై వైపు, ఎత్తుగట్టు మీద ఎండ బాగా తగిలే చోట పెరిగినవి కూడా ఒకసారి చూడు.

కంటోన్మెంట్_కల్యాణి

క్రో సి కి వచ్చింది, రెండు సిలూ వినిపిస్తున్నాయి! ట్యూనర్ పెట్టి చూస్తే 440 హెర్ట్జ్‌కి ఎ స్వరం సరిగ్గా నిలబడుతోంది. మధ్య స్థాయి హాయిగా పలుకుతోంది. కానీ అన్నిటికన్నా కింద ఉన్న సి, డి మెల్లగా ఊదితే రావట్లేదు. గట్టిగా ఊదితే ఒక్కసారిగా అరుస్తున్నాయి. కొస ఇంకా పల్చన చేయనా?

వంశధార_ఫిలడెల్ఫియా

కొస ముట్టుకోకండి. శ్రుతి నిలిచింది కాబట్టి హార్ట్ జోలికీ వద్దు. కింది స్వరాలు రావట్లేదంటే కిటికీల్లో కేన్ ఎక్కువుంది. వెన్నుకి రెండు పక్కలా, దారానికి పైన, ఒక్కో కిటికీలో రెండు మూడు గీకుళ్లు మాత్రమే, నాలుగు చోట్లా సమానంగా. తర్వాత కింది డి మెల్లగా ఊదండి. డి వచ్చేదాకా సి ప్రయత్నించకండి. ప్రతిసారీ క్రో మళ్లీ వినండి. సి నుంచి కిందికి జారితే గీకడం ఆపి, కొస వెంట్రుకవాసి కోయండి.

రాజాం_సన్నాయి

ఆ గీకుళ్లకి ముందు కత్తి ఒకసారి రాయికి తగిలించమ్మా. వచ్చే పెళ్లిళ్ల సీజన్లో విజయనగరం వస్తాను, మా నాన్న వాడిన రాయి నున్నటిది ఒకటి ఉంది, తెస్తాను. నీ కత్తి కూడా చూపించు, అంచు ఏ వైపు తిరిగిందో చేత్తో చూస్తే గానీ చెప్పలేను.

కంటోన్మెంట్_కల్యాణి

తప్పకుండా రండి బాబాయ్. డి మెల్లగా పలికింది. సి ఇంకా కొంచెం బరువుగా ఉంది, రేపు ఆరాక మళ్లీ రెండు గీకుళ్లు గీకి రాస్తాను.